అడుగున పీత ఉన్న బిందె

బాంబూఫ్లాట్ జెట్టీలో దిగి బజారు వైపు నడిస్తే, ఎండుచేపల దుకాణం దాటాక, చాటంత రేకు నీడలో గోనెపట్టా పరచుకుని కూర్చునే మనిషి జోగులు. గిన్నెల మీద పేర్లు కొట్టడం అతని వృత్తి. చరిత్రకారుల జాబితాలో తన పేరు లేకపోవడం లోకం చేసిన పొరపాటని అతని గట్టి నమ్మకం. రాజులు రాగిరేకుల మీద చెక్కించుకున్నారు, నిజమే. ఆ రేకులు ఇప్పుడు అద్దాల బీరువాల్లో పడి ఉన్నాయి. జోగులు చెక్కినవో? రోజూ పొయ్యి ఎక్కుతున్నాయి, చింతపండుతో తోమించుకుంటున్నాయి, పక్కింటి పేరంటాలకు అరువు వెళ్ళి వస్తున్నాయి.

"ఏ శాసనం ఇంతమందికి అన్నం వండిందో సెప్పండి" అని అడిగేవాడు. ఎవరూ చెప్పేవారు కాదు. ఎదుటివాళ్ళు ఓడిపోయారని అతను, ఓపిక లేక ఊరుకున్నామని వాళ్ళు అనుకునేవారు.

ఈ విద్య తండ్రి అప్పలరాముడి దగ్గర నుంచి వచ్చింది. విశాఖలో ఓడెక్కి ఈ దీవికి వచ్చిన అప్పలరాముడు ఒక చిన్న సుత్తి, ఒక ఉలి మాత్రమే వెంట తెచ్చుకున్నాడు. చుక్క పక్కన చుక్క కొడుతూ అక్షరాలు దించేవాడు గానీ, చదవడం మాత్రం రాదు. చీటీ మీద ఎవరో రాసిచ్చిన వంకరలను వంకరలుగానే దించేవాడు. ఒకసారి చీటీని తలకిందులుగా పట్టుకుని ఒక పెళ్ళివారి బిందెలన్నిటి మీదా తలకిందులుగా కొట్టాడనీ, ఆ ఇంటివాళ్ళు బిందె బోర్లిస్తే తప్ప తమ పేరు చదువుకోలేకపోయేవారనీ చెబుతారు. జోగులు అయిదో తరగతి దాకా చదివాడు. కొట్టడమూ చదవడమూ రెండూ వచ్చినవాడు ఆ వంశంలో అతనే మొదటివాడు. ఈ సంగతి అతను ఏనాడూ మరిచిపోలేదు, ఇతరులను మరిచిపోనివ్వలేదు.

రెండువేల నాలుగు డిసెంబరు ఆఖరి ఆదివారం పొద్దున భూమి ఊగింది. కాసేపటికి సముద్రం లేచింది. జోగులు సుత్తి చేతబట్టుకుని గట్టెక్కాడు. సుత్తితో సముద్రాన్ని ఏం చేద్దామనుకున్నాడో అతనికే తెలియదు. నీళ్ళు వచ్చాయి, వెళ్ళాయి, మళ్ళీ వచ్చాయి. రేకు పోయింది, గోనెపట్టా పోయింది. హోప్ టౌన్ వైపు నేల గజం లోతున కుంగిపోయి, మొన్నటిదాకా వరి కోసిన మడుల్లోకి పోటు వచ్చినప్పుడల్లా సముద్రం సొంత ఇంటికి వచ్చినట్టు వచ్చి కూర్చోవడం మొదలుపెట్టింది. రేషన్ కార్డులు, పట్టాలు, పెళ్ళి ఫొటోలు నాని ముద్దయిపోయాయి. ఇత్తడి నానదు. బురదలో, మడ చెట్ల వేళ్ళ మధ్య, ఎవరి సామానో ఎవరి ఇంటి ముందో తేలింది.

అప్పుడు జనానికి జోగులు గుర్తొచ్చాడు. కుర్రకారుకి తెలుగు మాట్లాడటం వచ్చు, చదవడం రాదు. దొరికిన గిన్నెనల్లా తెచ్చి అతని ముందు పడేశారు. "తాతా, యే కిస్‌కా హై? పేరు చదివి సెప్పు."

జోగులు చదవడంతో ఆగలేదు. ఒక పొడుగు పుస్తకం తెరిచాడు. పెళ్ళి గిన్నె మీద ఇచ్చినవారి పేరు, పుచ్చుకున్నవారి పేరు, వరస, సంవత్సరం ఉంటాయి కదా, అవన్నీ కలిపితే తీరం మీది తెలుగు కుటుంబాల వంశవృక్షం దానంతటదే లేచి నిలబడుతుందని అతనికి తోచింది. పాత క్యాలెండర్ల వెనకవైపు గీతలు గీశాడు. గవరయ్య కూతురు సూరయ్య కోడలు. సూరయ్య చెల్లెలు గవరయ్య భార్య. వాళ్ళ పిల్లలు మళ్ళీ ఒకరినొకరు చేసుకున్నారు. విడిపోవాల్సిన కొమ్మలు రెండు తరాలకోసారి మేనరికాలతో వచ్చి కలుస్తూ ఉంటే, చెట్టుగా మొదలైనది వారం తిరక్కుండా వలగా మారింది. చేపలు పట్టిన వంశాలు కదా, వలే న్యాయమని జోగులు సమాధానపడ్డాడు.

గిన్నెలను అతను మూడు తరగతులు చేశాడు. రెండు పేర్లూ వరసా ఉన్నవి మొదటి తరగతి. పేర్లుండి వరస లేనివి రెండో తరగతి. ఒక్క పేరు మాత్రమే ఉండి, ఎవరిచ్చారో లేనివి మూడో తరగతి. వీటికి 'అనాథలు' అని పేరు పెట్టి వెనక గోడ వారగా పోగు పోశాడు. ఏ లంకే చూపని గిన్నె పండితుడికి ఎందుకు?

దొంగ హక్కుదారులు రాకుండా ఒక కట్టుబాటు కూడా పెట్టాడు. గిన్నె మీద ఏముందో పైకి చదవడు. అడగవచ్చినవాళ్ళే ముందు చెప్పాలి, కలిస్తేనే ఇవ్వాలి.

మార్చిలో తాయారమ్మ వచ్చింది. హోప్ టౌన్ మనిషి, నూకన్న భార్యగా జోగులుకి ఎరుక, అక్క వరసన 'అప్పా' అంటాడు. నూకన్న ఎప్పుడో పోయాడు. ఇల్లు మొన్న పోయింది. ఇప్పుడు మనవరాలు చాందినితో రేకుల షెడ్డులో ఉంటోంది. పదిమంది ఆడవాళ్ళు గిన్నెలు వెతుక్కుంటున్న చోట నిలబడి, పెద్ద ఇత్తడి గుండిగ మీద చెయ్యి వేసింది.

"ఇది నాదే."

"చూడకుండానే ఎలా తెలిసిందప్పా?"

"సొట్ట చూసి. ఆ సొట్ట నాకు తెల్దేటి?"

"పేరు సెప్పు."

"తాయారమ్మ. ఇచ్చినోడు ఎర్రయ్య."

జోగులు గుండిగ తిప్పి మనసులో చదువుకున్నాడు. 'మేనకోడలు తాయారమ్మకు ఎర్రయ్య 1961.' రెండు పేర్లూ కలిశాయి. వేలిముద్ర వేయించుకుని ఇచ్చేశాడు. పుస్తకంలో గంభీరంగా రాసుకున్నాడు: ఎర్రయ్య, అతని మేనకోడలు తాయారమ్మ. సాక్ష్యం: గుండిగ. మొదటి తరగతి.

ఏడాదిన్నర గడిచింది. మునిగిపోయిన పొలాలకు బదులుగా వాటి వారసులకు ఇంటి స్థలం ఇస్తామని ఆఫీసు నుంచి కబురు వచ్చింది. కాగితాలు లేనివారికి ఏదైనా పాత ఆధారం చాలన్నారు. గుమస్తా మణికుమార్ ఫెర్రీలో వచ్చి, జోగులు పుస్తకం చూసి ముచ్చటపడి, అక్షరం పొల్లుపోకుండా నకలు రాసుకెళ్ళాడు. ఆ వారమంతా జోగులు తల ఎత్తుకుని నడిచి, రెండుసార్లు గుంటలో కాలేశాడు.

జాబితా గోడకెక్కిన రోజున తాయారమ్మ వచ్చింది. వెనకాల చాందిని పరుగులాంటి నడకతో వస్తోంది.

"ఒరే జోగులూ! మా నాన్నకి పిల్లల్లేరని రాసింది నువ్వేనా?"

"మీ నాన్నెవరప్పా?"

"ఎర్రయ్య!"

జోగులు సుత్తి కింద పెట్టాడు. "ఎర్రయ్య నీకు మేనమామ కదా?"

"ఏటీ? నన్ను కన్నోడు నాకు మేనమామా? వింటన్నావే చాందినీ!"

చాందిని ఆ హిందీ జాబితాను తన ఫోనులో రాసుకొచ్చింది. చదివింది. "ఎర్రయ్య, హోప్ టౌన్. సంతాన్ నహీ. మేనకోడలు ఒకరు. అలా రాసుంది తాతా. మేనకోడలికి హక్కు లేదంట. మత్లబ్ ఆ స్థలం ఎవరికీ ఇవ్వరు."

"స్థలం తరవాత" అంది తాయారమ్మ, కొంగు నోటికడ్డం పెట్టుకుని. "అడవి కొట్టి మడి చేసినాడు. పాములు కరిసినా వదల్లేదు. ఆ మడి సముద్రం తినేసింది, సరే. ఇప్పుడు ఉన్న ఒక్క కూతుర్ని నువ్వు తినేశావు. గోడ మీద అందరూ చదువుతున్నారు, ఎర్రయ్యకి పిల్లల్లేరని."

జోగులు చదువుకున్నవాడు గనక ముందు పుస్తకం తీశాడు. "ఇదిగో అప్పా, నీ వేలిముద్ర. నీ గుండిగ మీదే మేనకోడలు అని ఉంది. నాది కాదు తప్పు, ఇత్తడిది."

తాయారమ్మ గభాలున చతికిలపడింది.

"ఆ గుండిగ నాది కాదు" అంది.

"సొట్ట నీకు తెలుసన్నావు?"

"సొట్ట నేను పెట్టిందే. గుండిగ నాది కాదు."

కథ బయటికొచ్చింది. ఆమె మేనత్తకు ఒక కూతురు ఉండేది. నాయనమ్మ పేరు ఇద్దరికీ పెట్టారు గనక ఆమె కూడా తాయారమ్మే. పెద్ద తాయారు, చిన్న తాయారు అనేవారు. పెద్ద తాయారు పెళ్ళికి మేనమామ ఎర్రయ్య ఇచ్చిన గుండిగ అది. చాందిని వాళ్ళమ్మ బారసాల రోజున చిన్న తాయారు దాన్ని అరువు తెచ్చుకుంది. వంటవాడి చేతిలోంచి జారి సొట్టపడింది. సొట్ట బాగుచేయించి ఇద్దామనుకునే లోపు పెద్ద తాయారు మొగుడికి మాయాబందర్ బదిలీ అయింది.

"రేపిద్దాం, మాపిద్దాం అనుకుంటంటే నలభై యేళ్ళు అయిపోయినాయిరా."

"మరి మార్చిలో అందరి ముందూ నాదే అన్నావేం?"

"పదిమంది ఆడోళ్ళ ముందు, ఇది అరువుది, ఎగ్గొట్టాను అని సెప్పమంటావా? ఇల్లు పోయింది, మడి పోయింది. మిగిలింది పరువొక్కటి. అదీ సముద్రంలో పారేయమంటావా?"

చాందిని నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. "అమ్మమ్మా, చోరీ కా గుండిగనా?"

"నోర్ముయ్యవే. అరువు."

జోగులు నవ్వలేదు. నవ్వకపోవడానికి చాలా కష్టపడ్డాడు. అతని వలలో ఒక పెద్ద కన్నం పడింది. ఒకే పేరున్న ఇద్దరిని ఒకరిగా చేశాడు. తప్పు తనది కూడా. కానీ దిద్దాలంటే ఆధారం కావాలి. ఇప్పుడామె నోటిమాట ఎవరు నమ్ముతారు? వేలిముద్ర వేసి మరీ గుండిగ నాదన్న మనిషి.

"పెద్ద తాయారు వాళ్ళెవరైనా ఉన్నారా?"

"ఆమె పోయింది. కొడుకు కన్నారావు మాయాబందర్లోనే ఉన్నాడు."

"అతను వాళ్ళమ్మ సంగతి సెప్పగలడు. నువ్వు ఎవరికి పుట్టావో ఎలా సెబుతాడు? అప్పటికి అతనే పుట్టలేదు. నీ పెళ్ళికి మీ నాన్న ఇచ్చినవి ఏవీ దొరకలేదా?"

తాయారమ్మ కళ్ళు అప్పటికే వెనక గోడ మీద ఉన్నాయి. లేచి అనాథల పోగు దగ్గరికి వెళ్ళి, నల్లగా మసిబారిన ఒక బిందెను బయటికి లాగింది. "ఓలమ్మ! ఇది నా బిందె! నా సారె బిందె! ఇక్కడికెప్పుడొచ్చింది?"

"నిరుడు మడ కాలవలో దొరికింది" అన్నాడు జోగులు నిస్సారంగా. "తాయారమ్మ 1963 అని ఒక్కటే ఉంది. ఎవరిచ్చారో లేదు. అయినా అప్పా, మొన్న గుండిగ కూడా నీదే అన్నావు."

ఆ మాట ఆమెకి తగిలింది. కోపం వస్తే తాయారమ్మ చేతులు ఖాళీగా ఉండలేవు. చాందినిని పక్క దుకాణానికి పంపి గుప్పెడు చింతపండు తెప్పించింది. అక్కడే కూర్చుని, జోగులునీ ఆఫీసునీ సముద్రాన్నీ కలిపి తిడుతూ, బిందెను తోమడం మొదలుపెట్టింది. నలుపు పోయింది. ఆకుపచ్చ చిలుము పోయింది. బోర్లించి అడుగు తోముతూ ఆగింది.

"ఇదేటిరా, పీత?"

జోగులు వంగి చూశాడు. బిందె అడుగున, మధ్యలో, బొటనవేలి గోరంత పీత. చుక్కలతో కొట్టినది. రెండు కొండీలు, చుట్టూ కాళ్ళు.

చిన్నప్పుడు అప్పలరాముడి పక్కన కూర్చుని చూసిన బొమ్మలు అతని కళ్ళ ముందు వరసగా కదిలాయి. చదవడం రాని అప్పలరాముడికి పెళ్ళిళ్ళ రోజుల్లో నాలుగిళ్ళ సామాను కలిసిపోతే ఎవరిది ఏదో తెలిసేది కాదు. అందుకని గిన్నె ఎవరు తెచ్చి ఇస్తే వాళ్ళ గుర్తు అడుగున కొట్టుకునేవాడు. ఒకరికి తెడ్డు, ఒకరికి అరటాకు, ఒకరికి పీత. అక్షరాలు వచ్చిన జోగులు ఈ బొమ్మల్ని చదువురాని తండ్రి చాదస్తంగా లెక్కగట్టి, రెండేళ్ళుగా ఒక్క గిన్నె కూడా బోర్లించి చూడలేదు.

"చాందినీ! గుండిగ ఎక్కడుంది?"

"షెడ్డులో."

"పరిగెత్తు. వద్దు, ఆటోలో తే."

గుండిగ వచ్చింది. ముగ్గురూ కలిసి బోర్లించి తోమారు. అడుగున అదే పీత. అవే కొండీలు.

"రెండూ ఒక్కడే తెచ్చాడు" అన్నాడు జోగులు. "గుండిగ మీద ఇచ్చినవాడి పేరు ఉంది, ఎర్రయ్య. అంటే పీత ఎర్రయ్యది. ఈ బిందె కూడా ఎర్రయ్యే తెచ్చాడు. మరి దీని మీద తన పేరెందుకు కొట్టించలేదు?"

"నన్నడుగుతావేటి?"

"మా నాన్న ఒక మాట అనేవాడప్పా. ఎవరైనా కూతురి సారె సామాను తెచ్చి, ఫలానా తండ్రి ఇచ్చాడని కొట్టు అంటే, తిట్టి పంపేసేవాడు. సుట్టం ఇస్తే చదివింపు, పేరు కొట్టాల. కన్నోడు ఇస్తే చదివింపేటి? కన్నోడి పేరు కొడితే పిల్లని సుట్టాన్ని చేసినట్టు, అనేవాడు. సారె బిందె మీద పిల్ల పేరొక్కటే. ఎప్పుడూ."

మూడో తరగతి పోగు వైపు తిరిగి చూశాడు. నలభైకి పైగా గిన్నెలు. ఒక్కొక్కదాని మీద ఒక్కొక్క ఆడపిల్ల పేరు, ఇంకేమీ లేదు. వాటికి తను పెట్టిన పేరు గుర్తొచ్చి సిగ్గుపడ్డాడు. ఆ బజారులో తల్లీ తండ్రీ ఉన్నవి అవే.

మర్నాడు మణికుమార్ వచ్చాడు. మర్యాదస్తుడు. చెప్పులు విప్పి గోనెపట్టా మీద కూర్చుని, రెండు పీతలనూ భూతద్దంలో చూశాడు.

"పీత ఒప్పుకున్నాను చాచా. కానీ కన్నవాళ్ళు పేరు వేయించరన్న రూలు ఎక్కడుంది? ఎవరు పెట్టారు?"

"మా నాన్న."

"మీ నాన్న మాట ఫైల్లో ఎలా పెట్టను?"

"ఆయన కొట్టిన అక్షరం పెట్టారు కదా బాబూ, మేనకోడలని. అది పెట్టినప్పుడు లేని అభ్యంతరం ఇప్పుడెందుకు?"

మణికుమార్ భూతద్దం జేబులో పెట్టుకున్నాడు. తాయారమ్మ అతనికి టీ తెప్పించింది. "తాగు నాయనా. మా నాన్నకి కూతురు ఉందో నేదో తాగినాక రాద్దువుగాని."

అతను ఆలోచిస్తానని ఫెర్రీ ఎక్కాడు. రెండు రోజులు ఏ కబురూ లేదు. తాయారమ్మ రోజూ వచ్చి పోగు పక్కన కూర్చుని ఎవరివో గిన్నెలు తోముతూ ఉండేది. జోగులు ఆమెకి ఎదురుగా కూర్చుని, అడుగులు బోర్లించి, గుర్తులు పుస్తకంలోకి దించుతూ ఉండేవాడు. మూడోనాడు మొదటి ఫెర్రీలో మణికుమార్ వచ్చాడు. చేతిలో ఒక సంచీ.

"ఏం చేశానో తెలుసా చాచా? ఇంటికెళ్ళి మా వంటింట్లో గిన్నెలన్నీ కిందకి దించాను. మా ఆవిడ పిచ్చెక్కిందా అంది. వాళ్ళ నాన్నగారు ఇచ్చిన సామాను పదకొండు. ప్రతీదాని మీదా మధులత, మధులత, మధులత. అంతే. ఇంకేం లేదు. వాళ్ళ మేనమామ ఇచ్చింది చూడండి."

సంచీలోంచి స్టీలు డబ్బా తీశాడు. దాని మీద మేనమామ పేరు, ఇంటిపేరు, ఉద్యోగం, రిటైరైన సంవత్సరం, భార్య పేరు, ఊరు, చుట్టూ తిరిగి మూత మీదికి ఎక్కాయి.

"సుట్టం" అన్నాడు జోగులు తృప్తిగా.

"అలవాటు అందరి ఇళ్ళలోనూ ఉంది. ఇద్దరు పెద్దమనుషుల చేత ఈ అలవాటు నిజమని రాయించండి. కన్నారావుకి కూడా ఫోను చేశాను. వాళ్ళమ్మ పేరు తాయారమ్మేనట, ఎర్రయ్య మేనకోడలట. అంటే మేనకోడలు ఆవిడ. ఈవిడ వేరే." మణికుమార్ తాయారమ్మ వైపు తిరిగి, కాస్త తటపటాయించాడు. "పెద్దమ్మా, ఆయన ఒక గుండిగ గురించి కూడా అడిగాడు. వాళ్ళమ్మ చివరిదాకా తలుచుకునేదట."

తాయారమ్మ మొహం కందగడ్డయింది. "పంపేస్తాను. సొట్ట తీయించి పంపేస్తాను. అదేటి, మింగేస్తానా?"

నెల తిరిగేసరికి గోడ మీద కొత్త జాబితా పడింది. చాందిని వేలు పెట్టి చదివి వినిపించింది. ఎర్రయ్య, హోప్ టౌన్. సంతానం: ఒక కుమార్తె. తాయారమ్మ ఇంకోసారి చదవమంది. మూడోసారి కూడా చదవమంది. వెనకాల నిలబడ్డవాళ్ళు విసుక్కున్నారు.

గుండిగ సొట్ట తీయించుకుని మాయాబందర్ బస్సు మీదికెక్కింది. ఆ సాయంత్రం జోగులు సారె బిందెను తళతళలాడేలా తుడిచి ఒళ్ళో పెట్టుకున్నాడు. మనసులో ఒక ప్రాయశ్చిత్తం అనుకున్నాడు.

"అప్పా, మళ్ళీ ఎవరికీ అనుమానం రాకుండా, పక్కన 'ఎర్రయ్య కుమార్తె' అని కొట్టేస్తాను. ఊరికే. మంచి అక్షరాలతో."

ఉలి ఎత్తాడు. తాయారమ్మ బిందె మీద అరచెయ్యి అడ్డం పెట్టింది.

"మా నాన్న పెట్టని పేరు నువ్వు పెడతావా? మళ్ళీ సుట్టాన్ని చేస్తావా నన్ను?"

జోగులు ఉలి దించాడు. ఆమె బిందెను అతని ఒళ్ళో బోర్లించి, అడుగు మీద వేలు పెట్టింది.

"అంతగా సెయ్యి దురదగా ఉంటే, ఇదిగో. పీతకి ఎడంపక్క కాలొకటి అరిగిపోయింది. అది కొట్టు."

జోగులు తండ్రి సుత్తి అందుకున్నాడు. ఊపిరి బిగబట్టి, అయిదు చుక్కలు కొట్టాడు.